లోపల వదిలిన గుడ్డ

మా ఇంట్లో మొదటి కంప్యూటరు బిగించిన ఆయన అంతకు ముందు మా నర్సీపట్నంలోనే టైలరు. తెర మీద ఏది చూపించాలన్నా బొటనవేలూ చూపుడువేలూ చాపి, గుడ్డ కొలిచినట్టే చూపించేవారు.

ఆయన వెళ్ళాక నేను లెక్క చూశాను. హార్డ్ డిస్కు మొత్తం ముప్పై ఏడు జీబీ. సి డ్రైవు పది, డి డ్రైవు ఇరవై. మిగతా ఏడూ దేనికీ కేటాయించకుండా ఉన్నాయి. మర్నాడే వెళ్ళి అడిగాను.

"నానే వదిలేసినాను బాబూ. లోపల గుడ్డ వదలకుండా కుట్టేస్తే, ఒళ్ళు పెరిగిన్నాడు ఏటి సేస్తారు?"

"కంప్యూటరుకి ఒళ్ళు పెరగదు కదండీ!"

ఆయన నవ్వేశారు.

మూడో ఏడాది డి డ్రైవు తెరుచుకోలేదు. మా ఆవిడ చర్చిలో పాడిన పాటలన్నీ అందులోనే ఉన్నాయి. గొంతు ఆపరేషనయ్యాక ఆమె మళ్ళీ పాడలేదు. ఆయన్నే పిలిచాను. పాడైన డ్రైవులోంచి తీసినవి మళ్ళీ అందులోనే పెడితే ఉన్నవి కూడా పోతాయట. సి డ్రైవు నేను ఎప్పుడో నింపేశాను. ఆయన ఆ ఏడింటిలో ఐదు తీసి కొత్త డ్రైవు చేసి, సాయంత్రం దాకా కూర్చుని పాటలన్నీ అందులోకి తెచ్చారు. మొదటిది వినిపించగానే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

అప్పుడు కూడా నా నోరు ఊరుకోలేదు. "ఇంకా రెండు మిగిల్చారేంటండీ?"

"ఇదే ఆఖరి కష్టమని ఎవలైనా రాసిచ్చారేటి బాబూ?"

పాటలు కొత్త కంప్యూటరులోకి మార్చినప్పుడు చూస్తే, ఆ రెండూ అలాగే ఉన్నాయి. కొత్తదానిలో నేనే యాభై వదిలాను.