మూసిన షట్టరు మీది బజారు

మా ఊరి బొమ్మల ప్రదర్శన గురించి పేపర్లో రాశారు, లోకల్ ఛానెల్లో చూపించారు. నా బొమ్మ మాట ఎక్కడా రాలేదు. ఎవరో ఒకరు అడుగుతారని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

రాయదుర్గం బస్టాండు దగ్గర ఒక కాంప్లెక్సు ఉంది. కింది అంగళ్లలో జీన్స్ ప్యాంట్లు అమ్ముతారు. మెట్లెక్కి ఎవరూ రారు కాబట్టి మేడ మీది గదులు ఖాళీగా పడి ఉండేవి. కాలేజీలో పాఠాలు చెప్పే ఒక సారు ఓనరుతో మాట్లాడి, అద్దెకు మనుషులు దొరికేదాకా వాటిని ఊళ్లో బొమ్మలేసేవాళ్లకు ప్రదర్శన కోసం ఇప్పించాడు. ఆలోచన మంచిదే. నేనూ వెళ్లి ఒక గది అడిగాను.

"నువ్వు బోర్డులు రాసేటోనివి గదన్నా. ఇది బొమ్మలకు" అని నవ్వాడు సారు. అప్పుడాయన టీ తాగుతున్నాడు, నాకు మాత్రం ఒక టీ చెప్పలేదు. అది కూడా గుర్తుంది.

ఫ్లెక్సులు రాకముందు ఈ బజారులో సగం బోర్డులు నేను రాసినవే. అందుకే వదల్లేదు. మళ్లీ మళ్లీ అడిగితే చివరికి ఎవరికీ అక్కర్లేని మూల గది ఇచ్చారు. గోడలకు మేకు కొట్టరాదు, రంగు తగలరాదు అన్నాడు ఓనరు. గోడలు నాకెందుకు? షట్టరుంది. తుప్పు గీకి, మళ్లీ పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూసి, మా పాత బజారంతా దాని మీద వేశాను. సోడా అంగడి, టైలరు, కట్టెల డిపో, సైకిలంగడి. ప్రతిదాని మీదా అప్పట్లో నేను రాసిన బోర్డే, అదే అక్షరం, అదే షేడ్.

ప్రారంభం రోజు సారు అన్ని షట్టర్లూ పైకెత్తించాడు. నాది కూడా. నా బజారంతా చుట్టుకుని పైకి పోయింది. వచ్చిన పెద్దలు తెల్లగోడల వైపు తొంగిచూసి, "ఈడ ఏమీ లేదే" అనుకుంటూ పక్క గదికి పోయారు. నాకు ముందుచూపు లేదని కొందరన్నారు. షట్టరు మీద వేసేది అంగడి మూసినాక చూడటానికే. బోర్డులు రాసేవాడు ఎవడైనా అలాగే వేస్తాడు. ఎత్తమన్నది నేను కాదు.

మర్నాడు షట్టరు దించేసి, ముందర స్టూలేసుకుని కూర్చున్నాను. జీన్స్ కుట్టే యూనిట్లో పనిచేసే ఒకాయన పైకొచ్చాడు.

"ఏమప్పా, అందరూ తెరిచినారు, నువ్వు మూసుకోని కూచున్యావే?"

"మూస్తేనే నాది తెరిచినట్టు. సూడు."

దగ్గరికొచ్చి వేలు పెట్టాడు. "అన్నా, ఇది మా నాయన సైకిలంగడి! గాలి పంపు గూడా ఏసినావే!"

సాయంత్రం వాళ్లమ్మను పిలుచుకొచ్చాడు. ఆమె చాలాసేపు చూసి, "అంగడి సరే, మనిషి యాడ?" అంది.

"లోపలుండాడమ్మా. పంక్చరేస్తాండాడు."

"పని చేస్తాండాడా? అయితే ఆయప్ప కాదులే!" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత జనం వాళ్ల వాళ్ల అంగళ్లు వెతుక్కుంటూ మెట్లెక్కారు. ఆ జనాన్ని చూసే ఒక పార్సిల్ ఆఫీసువాళ్లు నా గదినే అద్దెకు అడిగారు. షట్టరుకు వాళ్ల రంగు వేసుకుంటారట.

మిగతా బొమ్మల్ని సారు కాలేజీ హాలుకు తీసుకుపోతున్నాడు. నాది షట్టరు గదా, కదలదు అంటున్నాడు. ఎందుకు కదలదు? వెల్డింగాయన్ను అడిగాను, ఒక్క పూటలో ఊడదీస్తానన్నాడు. కొత్త షట్టరు నేను బిగించి ఇస్తానని ఓనరుకు చెప్పాను. "సారు అది బొమ్మేనంటే పాతది తీసుకపో. లేదంటే రేపు రంగేస్తారు" అన్నాడాయన. అప్పట్నుంచి సారు నా ఫోను ఎత్తడం లేదు.

సారూ, నేను వేసింది మంచి బొమ్మ. నాకా అనుమానం లేదు, దాన్ని చూసి ఏడ్చినామెకూ లేదు. ఆ ఒక్క మాట ఓనరుతో అంటారా, అనరా? పార్సిల్ వాళ్లు రంగు డబ్బా మూత తీయకముందే జవాబు చెప్పండి.