విత్తనాల యంత్రం కింద

డిజైన్ ఇంజనీరుకు ఏ యంత్రం కనబడినా ఒళ్లు తెలియదు. అత్తవారింటికి తొలిసారి వెళ్లినప్పుడు కూడా మామగారి కంటే ముందు వాళ్ల కుట్టుమిషన్నే పలకరించాడు. అలాంటి మనిషిని ఆయన పనిచేసే కంపెనీ సాక్ష్యానికి పిలిచింది. తాము పేటెంటు తీసుకున్న విత్తనాలు నాటే యంత్రాన్ని పోటీ కంపెనీ కాపీ కొట్టిందని దావా. కోర్టు ఆవరణలో నిలిపిన పోటీ కంపెనీ యంత్రం కిందికి జడ్జిగారి ఎదుటే వెల్లకిలా దూరాడాయన. ఎంతకీ బయటికి రాడు. కంపెనీ వకీలు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి ఇంజనీరు ముక్కు మీద గ్రీజుతో, వెలిగిపోయే మొహంతో లేచాడు.

"మన డిజైనే కదండీ?" అన్నాడు వకీలు ఆశగా.

"అబ్బే! మన కర్రు రాయి తగిలితే విరుగుతుంది. వీళ్లది స్ప్రింగు మీద లేచి దాటిపోతుంది. మనకీ ఆలోచన తట్టనే లేదండీ!"

దావా అక్కడే నీరుగారిపోయింది. వకీలు తల పట్టుకున్నాడు. అవతలి కంపెనీ ఇంజనీరు మాత్రం పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ స్ప్రింగు చూశారా? మావాళ్లే ఇంతవరకూ చూళ్లేదండీ!"