జంగయ్య తాళంచెవి

తాలూకా కచ్చేరీ బంట్రోతు జంగయ్యకు తాళాలు విప్పే మంత్రం వచ్చని పానగల్ అంతా చెప్పుకుంటున్నారు గానీ, అది ఉత్త మాట. పొద్దున్నే కచ్చేరీ గదులన్నీ తెరవడం అతని పని. చేతిలో తాళంచెవుల గుత్తి కనబడదు. తలుపుకు బొజ్జ ఆనించి, తాళం మీద ఉఫ్ అని ఊది, నడుము ఒక్క తిప్పు తిప్పుతాడు. అంగీ కింద మొలతాడుకు ఒక్క తాళంచెవి వేలాడుతుందని పక్కింటి ఈదమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఖర్చు తగ్గుతుందని సర్కారు ఈసారి జిల్లాలో దవాఖానలతో సహా దఫ్తర్లన్నిటికీ తాళాలు పట్నంలో ఒక్కచోటే టోకున కొన్నది. అన్నీ ఒకే అచ్చువి, అన్నిటికీ ఒకే చెవి పడుతుంది. మొన్న కాంపౌండరు దవాఖాన చెవితో చిట్యాల పోయాడు. తేలు కుట్టిన పిల్ల అరుగు మీద ఏడుస్తుంటే డాక్టరు బయటే నిలబడ్డాడు. జంగయ్య వచ్చి బొజ్జ ఆనించాడు, తలుపు తెరుచుకుంది. పిల్లకు మందు పడింది. చెవి లేకుండా తాళం తీసేవాడు దొంగే, నౌకరీ పీకేస్తానని తహసీల్దారు ఎగిరాడు. ఈదమ్మ ఇక ఆగలేక అడిగేసింది.

"ఓరి జంగా, అన్నిటికి ఒక్కటే చెవని సారుకు చెప్పరాదూ?"

"చెప్తే తాళానికో చెవి పెట్టి కొత్తవి కొంటరు పెద్దమ్మా, గా గుత్తంత నా నడుముకే కడ్తరు. గిప్పుడు సర్కారుకు ఖర్చు తక్కువ, నాకు బరువు తక్కువ. నౌకరీ అంటవా? చెవులు మరిచేటోళ్లు దఫ్తరుకొకరున్నరు, నన్నెట్ల తీసేస్తరు?"