కట్టేసిన వాల్వు

ఆ రోజుల్లో అంటారియోలో కాలేజీ సీటు దొరికేది గానీ, తల దాచుకోవడానికి గది దొరికేది కాదు. ఒక్కో హాల్లో ఐదుగురం వరసగా పడుకునేవాళ్ళం. అంత కరువులో అక్కడి కేంబ్రిడ్జ్‌లో ఒక తెలుగువాళ్ళ బేస్‌మెంట్‌లో నాకొక్కదానికే గది దొరికింది. (కిటికీ కూడా ఉంది. సగం మంచులో పూడి ఉండేదనుకోండి, అయినా కిటికీ కిటికీయే.) చిక్కల్లా నా తలుపు బయట పెట్టిన, ఇంటి ఓనరు అంకుల్ బీరుతోనే. ఆయన ఇంట్లోనే బీరు తయారుచేసేవారు. డబ్బాలో అది పులుస్తూ వదిలే గ్యాసును ఊరికే పోనివ్వడానికి ఆయనకు మనసొప్పేది కాదు. క్రిములు చంపే నీళ్ళు నింపిన స్టీలు పీపాలోకి దాన్ని వాల్వున్న గొట్టంతో పంపేవారు. గ్యాసు ఆ నీళ్ళను బకెట్లోకి తోసేసి తాను పీపా నిండా కూర్చునేది. తర్వాత అందులో బీరు పోస్తే గాలి తగలదన్నమాట. "దారి మూసుకుపోతే మూత లేచిపోద్దమ్మా" అని నాకు ముందే చెప్పారు. ఆంటీ హెచ్చరిక ఇంకోటి: "ఇంకోసారి ఆ కంపు నేల మీద ఒలికిందంటే కింద డబ్బాలూ ఉండవు, అద్దెకూ ఎవరూ ఉండరు."

మా అమ్మ ఊరెళ్ళేటప్పుడు సిలిండర్ కట్టేసి, వీధి చివరి దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి చూసుకునే మనిషి. ఆ పిచ్చి నాకూ అంటింది. ఒక శనివారం వేర్‌హౌస్‌లో అట్టపెట్టెకు టేపు వేస్తుంటే, పొద్దున బయల్దేరుతూ ఆ గొట్టం వాల్వు నా చేత్తో నేనే తిప్పి కట్టేసిన సంగతి గుర్తొచ్చింది. ఫోనేమో లాకర్లో, బ్రేకేమో ఇంకో గంటకి. ఆ గంటలో ఎన్ని పెట్టెలకు తలకిందులుగా టేపు వేశానో దేవుడికే తెలియాలి. బ్రేకులో అంకుల్‌కి చేస్తే ఎత్తలేదు. ఇక మిగిలింది ఆంటీయే. చెప్తే గది పోతుంది, చెప్పకపోతే మూత లేస్తుంది.

"ఆంటీ, వచ్చేటప్పుడు ఆ గొట్టం వాల్వు కట్టేశాను. అలవాటులో అయిపోయింది. సారీ ఆంటీ."

ఫోన్లో ఆవిడ మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. "మూత బూరెలా ఉబ్బిందే. ఎటు తిప్పాలి?"

"గొట్టానికి సమానంగా వచ్చేదాకా ఆంటీ. మెల్లిగా."

బకెట్లో బుడబుడమంది. "సరే, సాయంత్రం మాట్లాడదాం" అని పెట్టేశారు. ఆ 'సాయంత్రం' నన్ను మిగతా షిఫ్టంతా తినేసింది. బస్సులో కూర్చుని ఫోన్లో గదులు వెతుక్కున్నాను.

ఇంటికెళ్ళేసరికి అంకుల్ పీపా ముందు కూలబడి ఉన్నారు. "నీళ్ళు సగమే పోయినయ్యేంటి? ఎవరన్నా ముట్టుకున్నారా?"

నేను నోరు తెరిచేలోపే ఆంటీ అందుకున్నారు. "నేనే. బట్టలు ఉతుక్కోడానికి వస్తే కాలు తగిలి వాల్వు మూసుకుపోయింది. దారికడ్డంగా పెడితే తగలదా?" ఆవిడ నా వైపు తిరిగి, "అలా నిలబడిపోయావేం, బూట్లు విప్పుకుని రా" అన్నారు. సాయంత్రం మాట్లాడదామన్నది అంతటితో అయిపోయింది.

బస్సులో గదులు వెతికిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. చదువయ్యేదాకా అక్కడే ఉన్నాను. కాకపోతే ఆ మర్నాటి నుంచి ఎక్కడుంటున్నావని ఎవరడిగినా బేస్‌మెంట్‌లో అని చెప్పలేదు, మా ఆంటీవాళ్ళింట్లో అన్నాను.