మూత మీద పసుపు టేపు

వీధిలో అందరూ ఆయన్ని రంపం డాక్టరు అంటారు. నీళ్ల పంపుల దగ్గర ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక, ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత చెయిన్ రంపాలు బాగుచేయడం మొదలుపెట్టాడు. "దీనికిక సామాన్లు దొరకవు, పారేయండి" అని కొత్త దుకాణాల వాళ్లు చేతులెత్తేసినవి కూడా ఆయన చేతిలో పడితే మళ్లీ గర్జించేవి. ముందు ప్లగ్గు విప్పేవాడు, తర్వాత కార్బురేటర్, చివరికి సైలెన్సర్. ఆయన నోరు కూడా ఆ వరసలోనే లేచేది. ప్లగ్గు మసిబారితే చిన్న తిట్టు, పిస్టన్ గీరుకుపోతే పెద్ద తిట్టు. రోగాన్ని వదిలేసి, రోగిని మోసుకొచ్చినవాణ్ణి తిట్టే డాక్టరని ఆయన భార్య వేళాకోళమాడేది.

ఈ రంపాలకు పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. ఉత్త పెట్రోలు పోస్తే నాలుగు కోతల్లో పిస్టన్ పట్టేస్తుంది. అందుకే ఆయన ఆయిల్ కలిపిన డబ్బా పిడికి ఎర్ర గుడ్డ కట్టేవాడు. కార్బురేటర్లు కడిగే ఉత్త పెట్రోలు డబ్బాకు ఏమీ కట్టేవాడు కాదు. బాగుచేసిన మిషన్‌కి ట్యాంకు నింపి, మూత మీద అడ్డంగా పసుపు టేపు అంటించి, దాని మీద తారీఖు వేసి మరీ ఇచ్చేవాడు. అది తన పూచీ అని ఆయన గొప్ప.

ఆ పొద్దున చెట్లు కొట్టే ఆయన రంపం భుజాన వేసుకుని వచ్చాడు. వెనకాలే పెట్రోలు డబ్బాతో ఆయన భార్య. రెండ్రోజుల కిందట బాగుచేయించుకెళ్లిన మిషన్, మొదటి మాను సగం కోయకముందే ఆగిపోయిందట. షెడ్డులో అప్పటికే నలుగురున్నారు. డాక్టరు సైలెన్సర్ విప్పి, టార్చి వేసి, పిస్టన్ మీది గీతలు అందరికీ చూపించాడు.

"ఆయిల్ కలపకుండా పోస్తే ఇదిగో, ఇలాగే ఏడుస్తుంది. ఎవరు పోశారు?"

"నేను చెట్టు మీదుంటానన్నా. పోసేది ఈవిడే," అన్నాడు చెట్లు కొట్టే ఆయన.

"నేనసలు మూతే తియ్యలేదన్నా," అందామె.

"అయితే లోపలి ఆయిల్ దానంతటదే ఆవిరైపోయిందా తల్లీ? చేతకాని పని నెత్తినేసుకోవడమెందుకు?"

నలుగురూ ఘొల్లుమన్నారు. మొగుడు ఆమె చేతిలోని డబ్బా లాక్కున్నాడు. "ఇక దీన్ని ముట్టుకున్నావంటే చూడు" అన్నాడు. ఆమె వెళ్లిపోయింది.

మధ్యాహ్నం డాక్టరు మిషన్ విప్పబోతూ పైనున్న పొట్టు తుడిచాడు. పొట్టు కింద పసుపు టేపు కనబడింది. అంచు కూడా లేవలేదు. తారీఖు తన చేతిరాతే. ఎర్ర గుడ్డ డబ్బాలోంచి రెండు చుక్కలు వేళ్ల మీద వేసుకుని రుద్దాడు. జిడ్డు లేదు, చిటికెలో ఆరిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది. మొన్న చేతులు తుడుచుకోవడానికి ఆ గుడ్డ విప్పాడు. తిరిగి కట్టినప్పుడు ఉత్త పెట్రోలు డబ్బాకు కట్టాడు.

టేపు పీకి పారేస్తే చూసేవాళ్లెవరూ లేరు. గోరు అంచు కిందికి పోనిచ్చాడు కూడా. ఆ గోరును చూసుకుంటే తన మీద తనకే అసహ్యం పుట్టింది. ఆమె ఒక్క మాట చెప్పింది, నిజమే చెప్పింది. ఆ మాటకు తాను నలుగురి చేత నవ్వించాడు.

సాయంత్రం రంపం మోసుకుని వాళ్లింటికి వెళ్లాడు. గడప ముందు పెట్టి టేపు చూపించాడు. "తప్పు నాదేనయ్యా. ఉత్త పెట్రోలు పోసింది నేనే. పిస్టన్ నేనే వేసిస్తాను" అన్నాడు. తలెత్తలేకపోయాడు.

చెట్లు కొట్టే ఆయన టేపు వంక చూశాడు. "పోనీలే అన్నా. మీ అంతటివాళ్లకు కూడా ఒక్కోసారి చెయ్యి తప్పుతుంది. ఎవరికీ చెప్పన్లే."

డాక్టరుకు ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు మళ్లీ సిగ్గేసింది.

లోపల్నుంచి ఆమె గొంతు వినబడింది. "ఎవరికీ చెప్పకపోతే ఎలా అన్నా? ఆ నలుగురి దృష్టిలో పోసింది నేనే కదా."



నాలుగు రోజులకు కొత్త పిస్టన్ వేసి మొగుడూ పెళ్లాలను పిలిపించాడు. ఆ నలుగురికీ కబురు పెట్టాడు. ఊడదీసిన పిస్టన్, టేపు అలాగే ఉన్న పాత మూత బల్ల మీద పెట్టాడు. "పోసింది నేను. మూత తియ్యలేదని ఈ అమ్మ చెబుతూనే ఉంది, నేనే వినలేదు. నువ్వు నన్ను క్షమించాలమ్మా" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆయనకు.

మొగుడు చేతిలోని డబ్బా ఆమెకు అందించాడు.

డాక్టరు అలవాటు కొద్దీ రంపం దగ్గరికి లాక్కుని, ట్యాంకు నింపడానికి ఎర్ర గుడ్డ డబ్బా అందుకోబోయాడు.

"వద్దన్నా," అందామె. "ఈ డబ్బాలో ఉన్నది నేను కలిపిందే. నేనే పోసుకుంటా."

గరాటు పెట్టి, చుక్క కింద పడకుండా పోసి, కొత్త మూత బిగించింది. టేపు చుట్ట మీదికి వెళ్లిన చేతిని ఆయన వెనక్కి తీసుకున్నాడు.