కడిగిన కాళ్లను కడిగిన గురువారం

అంజమ్మ మా యూనివర్సిటీలో బాత్రూములు కడుగుతుంది. అదే అంతస్తులో నేను వరండాలు తుడుస్తాను.

శేరిలింగంపల్లి దగ్గర ఇప్పుడు అద్దాల భవనాలున్న చోట ఒకప్పుడు అన్నీ రాతి గుండ్లేనట. రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెల మధ్య సిస్టర్ ఫిలోమిన అనే నన్ రేకుల షెడ్డులో బడి పెట్టింది. అంజమ్మ అప్పుడు కంకర మోసే పిల్ల. పాదం మీద రాయి పడి చీము పడితే, సిస్టర్ రోజూ గుడిసెకు వచ్చి నేల మీద కూర్చుని కడిగి కట్టు కట్టేదట. ఆ బడి పెద్ద స్కూలైంది, కాలేజీ అయింది, ఇప్పుడు క్యాథలిక్ యూనివర్సిటీ. రాళ్లు కొట్టేవాళ్ల పిల్లలు ఇందులో చదవడం మాత్రం నేను చూడలేదు. ముందు హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో 'మా లక్ష్యం, మా చరిత్ర, మా గుర్తింపు' అని ఉంటుంది. సిస్టర్ ఫొటో కింద సెంటు చిమ్మే మిషన్ పెట్టారు. ఆ వాసన పడక అక్కడ గబగబా తుడిచి వచ్చేస్తాను.

ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర గురువారం నాడు, ఏసు తన శిష్యులకు చేసినట్టే, మా ప్రార్థన మందిరం చాపెల్‌లో ఫాదర్ చిన్నప్ప పన్నెండు మంది కాళ్లు కడుగుతారు. అంజమ్మ ఏటా నీళ్లు అందించేదే తప్ప ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. ఈ ఏడు పనివాళ్లను కూర్చోబెడతామన్నారు. ఆమె పేరు కూడా వచ్చింది. వయసు మీరిందని ఈస్టర్ తర్వాత ఆమెను పనిలోంచి తీసేస్తున్నారు. ఇంకో ఏడాది అంటూ లేదు.

"ఒక్కసారి గా కుర్చీల కూసుంటె చాలు బిడ్డా," అంది నాతో. "నా కాళ్లకు చెంబెడు నీళ్లు యాడ సరిపోతయి? ఫాదర్‌కు డ్రమ్మే పెట్టాలె."

ఆ రోజు పొద్దున ప్రచార విభాగం ప్రవీణ్ సార్ పార్లర్ అమ్మాయిలను తీసుకొచ్చాడు. పేర్లు వచ్చిన పనివాళ్లందరి కాళ్లూ నానబెట్టి, రుద్ది, గోళ్లు తీసి, క్రీము రాయించడం మొదలుపెట్టాడు.

"కడగబోయే కాళ్లను ముందుగాల కడుగుడేంది సారూ?" అంజమ్మ నవ్వింది.

"ఫాదర్ చేతులకు మురికి అంటకూడదు కదా."

"మరి ఇగ ఆయన కడిగేదేంది?"

అంజమ్మ వంతు వచ్చింది. బాత్రూముల యాసిడ్‌కు ఆమె వేళ్ల సందులు పుండ్లు పడి ఉన్నాయి. పార్లర్ అమ్మాయి ముక్కు మూసుకుంది. ప్రవీణ్ సార్ ఫోన్‌లో చూసి, క్లోజప్‌లో బాగుండదన్నాడు.

ఆఫీసు చూసుకునే చలపతిరావుగారు మెత్తగా చెప్పారు. "అంజమ్మగారూ, ఏమీ అనుకోకండి. ఇది లైవ్‌లో వెళ్తుందండి. ఎప్పటిలాగే మీరు నీళ్లు అందించండి."

"పుండ్లున్నయనా సారూ?"

"అబ్బే, తడి తగిలితే ఇన్ఫెక్షన్ అండి. మీ మంచికే."

రోజంతా తడిలోనే నిలబడే మనిషితో అన్న మాట అది. ఆమె కుర్చీ నవ్య అనే ఎంబీఏ అమ్మాయికి ఇచ్చారు.

సాయంత్రం ఫాదర్ చిన్నప్ప ఒక్కో పాదం మీద కాసిని నీళ్లు పోసి, తుడిచి, ముద్దు పెట్టుకున్నారు. అంజమ్మ పక్కనే నిలబడి చెంబు అందించింది, తల ఎత్తలేదు. పళ్లెంలో నీళ్ల మీద క్రీము జిడ్డుగా తేలింది. మురికి చుక్క లేదు. ఎన్నో బాత్రూములు చూశాను గానీ, ఆ పళ్లెం చూసినప్పుడు పుట్టినంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

పూజ అయ్యాక మేము చాపెల్ వెనక కుళాయి దగ్గర తువ్వాళ్లు పిండుతున్నాం. ఎవరు చెప్పారో, ఫాదర్ చిన్నప్ప చెంబూ పళ్లెం పట్టుకుని వచ్చారు. తెల్లటి అంగీతోనే తడి సిమెంటు మీద మోకాళ్లూనారు.

"నిన్ను కుర్చీలోంచి తప్పించారని నాకు తెలియదు అంజమ్మా. కూర్చో తల్లీ."

అంజమ్మ గట్టు మీద కూర్చుంది. చెప్పు విడిచి పాదం ముందుకు పెట్టింది.

అప్పుడే ప్రవీణ్ సార్ కెమెరాతో పరుగెత్తుకొచ్చాడు. "ఫాదర్, కొంచెం ఇటు తిరగండి. ఇది ఇంకా బాగా వస్తుంది. ఆ పుండు కూడా ఫ్రేములో పడాలి."

ఫాదర్ అతన్ని పొమ్మంటారని చూశాను. అనలేదు. చెంబు పట్టుకుని కొంచెం పక్కకు జరిగారు.

అంజమ్మ పాదం చీర కుచ్చిళ్లలోకి లాక్కుంది. "వద్దు ఫాదర్. ఇంటికి పోయి నేనే కడుక్కుంట."

చెప్పు వేసుకుని గేటు వైపు నడిచింది. ఫాదర్ లేచి, చెంబులో నీళ్లు పక్కనున్న మొక్కల తొట్టిలో పోశారు.

ప్రవీణ్ సార్ కెమెరా తొట్టి వైపు తిప్పి, ఇంకోసారి, నెమ్మదిగా, పొయ్యమన్నాడు.