వేడి మీద కొట్టిన పిక్క

నన్ను జిల్లా పోటీకి పంపని ఆ మాస్టారి మీద నాకు ఇప్పటికీ కోపమే. మరిచిపొమ్మని చాలామంది చెప్పారు. మరిచిపోతే ఆయన అన్నదే నిజమై మిగులుతుంది.

టెక్కలిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. జిల్లా సైన్సు ఉపన్యాస పోటీకి కాలేజీ నుంచి ఒక్కరినే పంపుతారు. ఎంపిక మా ఫిజిక్సు మాస్టారిది. నూట పద్నాలుగో మూలకం తయారైందని ఆమధ్యే పేపర్లో చదివాను. అంత బరువైన కేంద్రకం చీలిపోకుండా ఎలా నిలిచిందో చెబుదామనుకున్నాను.

అమ్మ పలాసలో జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్లేది. సెలవుల్లో నేనూ ఆమె పక్కన కూర్చునేదాన్ని. కాల్చిన పిక్కలను ఆరబోసి, బాగా చల్లారాకే కొట్టాలి. తొందరపడితే లోపలి పప్పు రెండు బద్దలవుతుంది. చీలకుండా గుండుగా వచ్చిన పప్పుకే విలువ. "వేడి మీద కొట్టకే, సల్లారనీ" అంటూ అమ్మ నా చేతి మీద ఎన్నిసార్లు తట్టిందో.

ఎంపిక రోజు క్లాసులో ఆ పిక్క పోలికతోనే చెప్పాను. బరువైన కేంద్రకాన్ని ఇంకో కేంద్రకంతో వేగంగా ఢీకొడితే, ఎప్పుడో ఒకసారి రెండూ కలిసి ఒకటవుతాయి. అలా పుట్టింది విపరీతమైన వేడి మీద ఉంటుంది. లోపలి ప్రోటాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ దాన్ని చీల్చాలని చూస్తాయి. ఈలోపే కొన్ని న్యూట్రాన్లను వదిలి చల్లారితే బతుకుతుంది. దాదాపు అన్నీ బద్దలే అవుతాయి, గుండు దొరకడం అపురూపం. చల్లారాక కూడా, ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కొన్ని ప్రత్యేకమైన సంఖ్యల దగ్గర వరసలు నిండేలా సర్దుకుంటేనే కాసేపు నిలుస్తుంది.

మాస్టారు మధ్యలోనే ఆపేశారు. కేంద్రకం నీటిబొట్టు లాంటిదని పుస్తకంలో ఉందని, ఆ లెక్కన అంత బరువైనది పుట్టగానే చీలిపోవాలని అన్నారు. నీటిబొట్టులో వరసలుండవు, అందుకే ఆ లెక్క ఇక్కడ చాలదని చెప్పబోయాను. ఆయన క్లాసు వైపు తిరిగారు.

"ఏటమ్మా ఇది, ఫిజిక్సా, జీడి బట్టీయా? మీ అమ్మ సెప్పిందా ఈ పాఠం?"

అందరూ నవ్వారు. పిక్కలు కొట్టే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లూ నవ్వారు. పోటీకి వేరొకరు వెళ్లారు.

కొన్నేళ్ల తర్వాత నేను వజ్రపుకొత్తూరు దగ్గర బడిలో పాఠాలు చెబుతుండగా, పలాసలో టీచర్ల శిక్షణకు ఆయనే వక్తగా వచ్చారు. అదే విషయం, అదే పిక్క. నా ఉదాహరణను తన సొంతమన్నట్టు ఎత్తుకున్నారు.

"మన జీడిపిక్కే సూడండి. వేడి మీద కొడితేనే గుండు వత్తాది."

దొంగిలించడమైనా సరిగ్గా చేతకాలేదు. లేచి నిలబడ్డాను.

"వేడి మీద కొడితే బద్దలే మాస్టారూ. సల్లారాకే గుండు. మా అమ్మ సెప్పింది."

పలాసవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన నన్ను గుర్తుపట్టారు, ఆ సంగతి మొహంలోనే తెలిసింది. టైము లేదు, కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. ఆనాడు నీటిబొట్టు దగ్గర ఆగిపోయిన పాఠం మిగతాదంతా చెప్పాకే కూర్చున్నాను.